అత్తయ్య దిగిన వేడినీళ్ళ చెలమ

నా చిన్నప్పుడు మా అమ్మ చేతికి వేడి తగలదని మా వీధిలో వింతగా చెప్పుకునేవారు. కుతకుత ఉడికిన అన్నం గిన్నెను మసిగుడ్డ లేకుండా పట్టుకుని గంజి వార్చేది. పొయ్యిలోంచి జారిపడ్డ నిప్పుకణికను రెండు వేళ్ళతో తీసి మళ్ళీ లోపలికి వేసేది. బళ్ళో తోటిపిల్లలు వాళ్ళ నాన్నల బలం గురించి చెప్పుకుంటే, నేను మా అమ్మ చేతుల గురించి గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇంటికి వచ్చిన వాళ్ళు ఆ మాట ఎత్తితే మాత్రం అమ్మ నవ్వేది కాదు. చెంగు ముందుకు లాక్కుని, చేతులు అందులో దాచుకుని, వేరే మాటలోకి వెళ్ళిపోయేది. ఆవిడ వేళ్ళ మీద ఎప్పుడూ ఏదో ఒక బొబ్బ, దాని మీద ఆరిపోయిన పసుపు ఉండేవి. పనిచేసే ఆడవాళ్ళ చేతులు అలాగే ఉంటాయని నేను అనుకునేదాన్ని.

మాది పెదపాడుకు కాస్త లోపలగా ఉన్న పల్లె. చుట్టూ వరిచేలు, పంటకాలువ, దూరంగా ఏలూరు వెళ్ళే రోడ్డు. ఇంట్లో నాన్న, అమ్మ, నాన్నమ్మ, నేను, ఇంకా మా అత్తయ్య ఉండేవాళ్ళం. అత్తయ్య మా నాన్నకు అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి మాతోనే ఉండిపోయింది. మనిషి సన్నంగా, పొడుగ్గా ఉండేది. మాట చాలా కరుకు. మా అమ్మ ఏ పని చేసినా అందులో ఆవిడకు ఒక లోపం కనిపించేది. పులుసులో ఉప్పు తక్కువని, ముగ్గు వంకర పోయిందని, గేదెకు కుడితి ఆలస్యమైందని రోజంతా సణుగుతూనే ఉండేది. అమ్మ తిరిగి ఒక్క మాట అనేది కాదు. వాళ్ళిద్దరూ కలిసి నవ్వుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. అత్తయ్యంటే నాకు భయం, ఇంకొంచెం కోపం కూడా ఉండేవి.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళున్నప్పుడు నాన్నమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. పసర్లు రాశారు, ఇసుక కాపడం పెట్టారు, ఏలూరు డాక్టరు గారి సూదులు కూడా అయ్యాయి. అప్పుడు పక్కింటి పెద్దమ్మగారు ఒక కబురు తెచ్చింది. జంగారెడ్డిగూడెం దాటి, అడవి దారిన ఇంకా పైకి వెళితే, గోదావరి ఒడ్డున ఇసుకలోంచి వేడినీళ్ళు ఊరే చోటు ఒకటి ఉందట. అక్కడివాళ్ళు దాన్ని బుగ్గ అంటారట. ఆ నీళ్ళలో కూర్చుంటే కట్టెలా బిగుసుకుపోయిన కాళ్ళు కూడా వదులవుతాయట. ఆవిడ చెల్లెలికి నడుంనొప్పి ఉంది కాబట్టి వాళ్ళిద్దరూ వెళుతున్నారు. కావాలంటే మేమూ కలవొచ్చు అంది. అవి రెండో పంట దాళ్వా చేలకు నీళ్ళు పెట్టే రోజులు, నాన్న కదలడానికి లేదు. అందుకని నాన్నమ్మను పట్టుకోవడానికి అమ్మ, అమ్మను కనిపెట్టుకోవడానికి అత్తయ్య బయలుదేరారు. అత్తయ్య నిజంగానే ఆ మాట అంది. అమ్మ వెళ్ళే చోటికల్లా నేనూ వెళతానని ఏడ్చి నేనూ బస్సెక్కాను.

ఏలూరులో ఒక బస్సు, జంగారెడ్డిగూడెంలో ఇంకొకటి ఎక్కాం. దారిలో పొగాకు ఆరబెట్టే బ్యారన్ల మీదుగా ఘాటైన వాసన వచ్చేది. నేను పుట్టి బుద్ధెరిగాక ఎర్రమట్టి చూడడం అదే మొదలు. మా వైపు నేలంతా నలుపే. ఆ రాత్రికి నది దగ్గరి పల్లెలో ఎవరి పంచలోనో తలదాచుకుని, తెల్లవారాక నాన్నమ్మను చెరో రెక్కా పట్టుకుని నడిపించుకుంటూ ఇసుకలోకి దిగాం.

అక్కడ గుడి లేదు, మెట్లు లేవు, బట్టలు మార్చుకోవడానికి ఒక తడిక కూడా లేదు. చలికాలం చివర కాబట్టి గోదావరి సన్నబడి అవతలి ఒడ్డు వైపు ఒదిగి పారుతోంది. ఇవతలంతా ఇసుక. ఆ ఇసుకలో వచ్చినవాళ్ళు చేతులతో, పలుగులతో తవ్వుకున్న చెలమలు ఉన్నాయి. వాటి మీద పొద్దుటి చలికి పొగలా ఆవిరి లేస్తోంది. కుళ్ళిన గుడ్డు వాసన లాంటిది తగిలితే నేను అమ్మ చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. అన్నిటికంటే పైన, రాళ్ళ పక్కన, అసలు ఊట ఉంది. అందులో నీరు బుడబుడమంటూ పైకి వచ్చేది. అక్కడినుంచి కాలవలా తీసి, నది నీళ్ళు కలిపి, కింది చెలమల్లో మనుషులు కూర్చునేంత వేడిగా చేసుకునేవారు. ఆ ఊరి మనిషి ఒకాయన కర్రతో ఇసుకలో గీత గీసి, పై ఊట దగ్గరికి ఎవరూ దిగొద్దండీ, కాళ్ళు బొబ్బలెక్కుతాయి, కావాలంటే ఒడ్డునుంచి చెంబుతో ముంచుకోండి అని అందరికీ చెబుతున్నాడు.

ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం ఉన్నారు. కీళ్ళనొప్పుల ముసలివాళ్ళు, గజ్జి పట్టిన పిల్లలు, పిల్లలు లేని ఆడవాళ్ళు. అందరికంటే దిగువన, నీళ్ళు చల్లబడి మురికి పట్టి పారే చోట, కొందరు విడిగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ చేతులకు, కాళ్ళకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. ఒకాయన ముక్కు లోపలికి అణిగిపోయి ఉంది. వాళ్ళలో ఒక ఆడమనిషి చెంబు పట్టుకుని కాస్త పైకి రాబోతే ఇద్దరు మగవాళ్ళు అరిచి, ఇసుక గుప్పిళ్ళతో విసిరి వెనక్కి పంపేశారు. ఆమె వెనక్కి తిరిగి వెళ్ళి మళ్ళీ అక్కడే కూర్చుంది. పక్కింటి పెద్దమ్మగారు నా గడ్డం పట్టుకుని మొహం తిప్పేసింది.

"అటు చూడకమ్మా. పెద్దరోగం వాళ్ళు."

మా అమ్మ మాత్రం చూసింది. నాన్నమ్మ పిలుస్తున్నా వినిపించనంత సేపు అటే చూసింది.

నాన్నమ్మను ఒక చెలమలో కూర్చోబెట్టాం. కాసేపయ్యాక నీళ్ళు చల్లబడ్డాయని ఆవిడ గొణిగితే, మోకాళ్ళ మీద పోయడానికి వేడినీళ్ళు తెస్తానని అమ్మ చెంబు పట్టుకుని పైకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. గీత దగ్గర ఆగాను. అమ్మ కూడా ఆగే ఉండాలి. ఒడ్డునుంచి వంగి ముంచుకోబోతే కింద ఇసుక జారింది. ఆవిడ పడలేదు. నెమ్మదిగా, మా ఊరి కాలవలోకి దిగినట్టే, చీలమండల దాకా ఆ ఊటలోకి దిగింది. దిగి, అక్కడే నిలబడి, వంగి చెంబు ముంచుకుంటోంది.

ఆ నీళ్ళ మీద ఆవిరి మొహానికి కొడుతోంది. అంతకుముందే ఒకాయన అందులో వేలు పెట్టి చటుక్కున లాక్కోవడం నేను చూశాను. మా అమ్మ మొహంలో ఏమీ లేదు. ఒక చెంబు ముంచి, అందులో నలక కనిపించిందేమో పారబోసి, మళ్ళీ ముంచింది. చుట్టుపక్కల మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పక్కింటి పెద్దమ్మగారు, ఆవిడ చెల్లెలు అప్పుడే తడిబట్టలతో పైకి వస్తూ అక్కడే నిలబడిపోయారు.

"ఏమ్మాయ్, నీకు కాలట్లేదా?" అంది పెద్దమ్మగారు.

అమ్మ తలెత్తి ఆవిడను చూసింది. తర్వాత కిందికి తన కాళ్ళ వంక చూసుకుంది. అప్పుడు ఆవిడ మొహం మారిన తీరు నేను ఇన్నేళ్ళలో మరిచిపోలేకపోయాను. కాళ్ళు కాలుతున్నాయన్న బాధ కాదది. తన కాళ్ళు ఎక్కడున్నాయో ఆవిడకు అప్పుడే తెలిసింది. కదలడం కూడా మరిచిపోయి అలాగే నిలబడిపోయింది. పెద్దమ్మగారి కళ్ళు అమ్మ మీదినుంచి దిగువన గుడ్డపీలికలు చుట్టుకుని కూర్చున్న వాళ్ళ మీదికి వెళ్ళి, మళ్ళీ అమ్మ మీదికి వచ్చాయి.

మా అత్తయ్య కాస్త దూరంలో నాన్నమ్మ చీర పిండుతోంది. ఆ చీర ఇసుకలోనే పడేసి వచ్చింది. పరుగెత్తలేదు. కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, పెద్దమ్మగారి పక్కనుంచి దాటుకుంటూ, తిన్నగా వెళ్ళి ఆ ఊటలోకి దిగి మా అమ్మ పక్కన నిలబడింది.

"కాలకేమండీ, కాలుతుంది," అంది. "పొయ్యి దగ్గర పుట్టి పొయ్యి దగ్గర పెరిగిన ఆడాళ్ళం, ఇదో లెక్కేంటండీ?" అని అమ్మ వైపు తిరిగి, "చెంబు ఇలా ఇయ్యి. ఆ బిందె కూడా నింపుకుపోదాం, మాటిమాటికీ ఎవరొస్తారు?" అంది.

ఆ మాటల్లో ఎక్కడా తొందర లేదు. చెంబు తీసుకుని, ఒడ్డున ఎవరిదో బిందె ఉంటే దాంట్లో నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. నేను దగ్గరగా ఉన్నాను కాబట్టి నాకు కనిపించింది. ఆవిడ ఎడమచేతి గోళ్ళు అమ్మ జబ్బలోకి దిగిపోయి ఉన్నాయి. మెడ మీద నరాలు తాళ్ళలా లేచాయి. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే, ఆవిరి మంట అని మొహం భుజానికి తుడుచుకుంది. బిందె సగమయ్యాక, "చాల్లే, పద," అని అమ్మను ముందు ఒడ్డెక్కించి, తర్వాత తానెక్కింది. ఇద్దరి కాళ్ళూ ఎర్రగా కమిలిపోయాయి. పెద్దమ్మగారి చెల్లెలు నవ్వి, మీ వదినా మరదళ్ళు గట్టివాళ్ళేనమ్మా అంది. పెద్దమ్మగారు నవ్వలేదు గానీ, ఇంకేమీ అడగలేదు. మాటలు మళ్ళీ మొదలయ్యాయి.

కాళ్ళకు తడిమట్టి పూసుకొస్తామని చెప్పి అత్తయ్య అమ్మను రెల్లుదుబ్బుల వెనక్కి తీసుకెళ్ళింది. నన్ను రావద్దని ఎవరూ అనలేదు కాబట్టి నేనూ వెళ్ళాను. ఎవరికీ కనిపించమని తేలాక అత్తయ్య కూలబడిపోయింది. చీర చెంగు నోట్లో కుక్కుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ, గొంతు బయటికి రాకుండా ఏడ్చింది. ఆవిడ పాదాల మీద చర్మం అప్పటికే తెల్లగా ఉబ్బి, ఒకచోట చిట్లింది. అమ్మ పాదాలు అంతకంటే ఘోరంగా ఉన్నాయి. అమ్మ వాటిని ఎవరివో కాళ్ళు చూస్తున్నట్టు చూస్తూ కూర్చుంది.

కాస్త తెరిపిన పడ్డాక అత్తయ్య ఒక రెల్లుపుల్ల విరిచి, అమ్మను కళ్ళు మూసుకోమని, పాదం మీద గుచ్చింది. ఇక్కడ తెలుస్తోందా అని అడిగింది. అమ్మ పలకలేదు. వేళ్ళ మీద గుచ్చింది. అమ్మ పలకలేదు. రవిక చెయ్యి పైకి తోస్తే మోచేతి పైన అరచెయ్యంత పాలిపోయిన మచ్చ ఉంది. రోజూ ఆ చేతి మీదే తలపెట్టుకుని పడుకునే నేను దాన్ని ఎన్నడూ చూడలేదు. చీకట్లోనే రవిక మార్చుకునేదని తర్వాత అర్థమైంది.

"చాన్నాళ్ళయిందండి వదినగారూ," అంది అమ్మ. "చెబితే ఏం చేస్తారోనని చెప్పలేదు." నది వైపు తిరిగి, ఎవరికో పని పురమాయిస్తున్నట్టు మెల్లగా అంది. "మీరు పిల్లని తీసుకుని వెళ్ళిపొండి. నేను నీళ్ళకెళ్ళి గోదాట్లో కొట్టుకుపోయానని చెప్పండి. రేపు దానికి పెళ్ళన్నా అవుతుంది."

అత్తయ్య చేతిలోని రెల్లుపుల్ల విరిచి పారేసింది.

"నువ్వు గోదాట్లో పడేదానివైతే నేనెందుకే కాళ్ళు కాల్చుకోవడం?" అంది. "లే. మీ అత్త పిలుస్తోంది."

అప్పుడే నా వైపు తిరిగి, నువ్వేమీ చూడలేదు, ఎవరడిగినా నీకేమీ తెలీదు అని చెప్పింది. నేను తలూపాను. నాకు తెలిసింది కూడా అంత తక్కువే. అమ్మకు ఏదో పెద్ద ఆపద వచ్చిందని, దాన్ని అందరూ చూడబోయినప్పుడు అత్తయ్య అడ్డంగా నిలబడిందని మాత్రం తెలిసింది.

తిరుగు బస్సులో అమ్మ నన్ను దగ్గరికి రానివ్వలేదు. ఒడిలో తలపెట్టబోతే సర్దుకున్నట్టు జరిగిపోయింది. అత్తయ్య అది చూసి నన్ను రెక్క పట్టుకుని తీసుకెళ్ళి అమ్మ ఒళ్ళో కూర్చోబెట్టింది. ఇన్నాళ్ళూ పక్కలోనే పడుకుంది, ఇవాళ కొత్తగా ఏమొస్తుంది అని విసుక్కుంది. ఏలూరు దాకా అమ్మ చేతులు నా చుట్టూ వేయాలో వద్దో తెలియక గాల్లోనే ఉండిపోయాయి.

ఇంటికి వచ్చాక అత్తయ్య నాన్నను పశువుల పాకలోకి పిలిచి చెప్పింది. నాన్న చెడ్డవాడు కాదు. ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. కానీ ఆ సాయంత్రం పాకలోంచి బయటికి వచ్చి, బోరింగు దగ్గర నిలబడి, చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. నేను చూస్తున్నానని కూడా గమనించకుండా మోచేతుల దాకా మట్టితో రుద్ది కడుక్కుంటూనే ఉన్నాడు. నాన్నమ్మకు తెలియకుండా ఆపలేకపోయారు. ఆవిడ తలబాదుకుని, అమ్మ చాప పశువుల పాకలో వేయించింది. అత్తయ్య తన చాప కూడా తీసుకెళ్ళి అక్కడే వేసుకుంది. అదేమంటే కాళ్ళు మండుతున్నాయి, ఇంట్లో ఉక్కగా ఉంది, గాలికి పడుకుంటాను అంది.

తర్వాత కొద్దిరోజులకే, పుండ్లుపడ్డ కాళ్ళకు గుడ్డలు చుట్టుకుని, ఆ ఇద్దరు ఆడవాళ్ళూ మళ్ళీ బస్సెక్కారు. మెట్ట మీద క్రైస్తవ మిషను వాళ్ళు ఈ జబ్బుకు కట్టిన ఆసుపత్రి ఉందని అత్తయ్య ఎక్కడో విని ఉందట. అమ్మను అక్కడ చేర్చి ఒక్కతే తిరిగి వచ్చింది. ఊళ్ళో ఏం చెప్పాలో కూడా ముందే ఆలోచించి పెట్టుకుంది. మా అమ్మ పుట్టిల్లు కొల్లేటికోట. అప్పట్లో అక్కడికి పడవ మీదే వెళ్ళాలి, వానాకాలం వస్తే అదీ కష్టం. మా అమ్మమ్మకు పక్షవాతం వచ్చిందని, చూసేవాళ్ళు లేక కూతుర్ని పిలిపించుకుందని చెప్పింది. ఆ నీళ్ళు దాటి వెళ్ళి కనుక్కునే ఓపిక మా ఊళ్ళో ఎవరికీ లేదు. బళ్ళో పంతులుగారు అడిగినా, నీళ్ళకాడ ఆడవాళ్ళు అడిగినా నేనూ అదే చెప్పాను. చెప్పి చెప్పి, అమ్మమ్మ మంచం పక్కన అమ్మ కూర్చుని విసురుతున్నట్టు నాకు కలలు కూడా వచ్చేవి.

ఈలోగా అత్తయ్య కాలు పాడైంది. అమ్మను చేర్చే హడావిడిలో తన పుండు సంగతి పట్టించుకోలేదు. ఆకుపసరు కట్టుకుంటూ పొలం పని, ఇంటి పని చూసుకుంది. చీముపట్టి, జ్వరం వచ్చి పడిపోయాక గానీ ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళలేదు. కుడికాలికి రెండు వేళ్ళు తీసేశారు. ఆ తర్వాత ఆవిడ పాదం పక్కకు వాల్చి, ఒక్కొక్క అడుగు వెతుక్కున్నట్టు నడిచేది. గొప్పలకు పోయి కాలు పోగొట్టుకుందని వీధిలో నవ్వుకున్నారు. ఆవిడ చెవిన పడేలాగే అనుకున్నారు. నోరు విప్పితే ఎదుటివాళ్ళను నిలబడనివ్వని మనిషి, ఆ మాటకు మాత్రం ఎన్నడూ జవాబు చెప్పలేదు.

సెలవుల్లో ఒకసారి అత్తయ్య నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అమ్మ చిక్కిపోయింది. చేతి వేళ్ళు రెండు లోపలికి ముడుచుకుపోవడం మొదలైంది. అక్కడి నర్సమ్మగారు నడివయసు క్రైస్తవురాలు. మాట్లాడుతూనే అమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుని నూనె రాస్తూ ఒక్కొక్క వేలూ సాగదీస్తోంది. మాత్రలు ఏళ్ళ తరబడి వేసుకోవాలని, జబ్బు పోతుంది గానీ వంగిన వేళ్ళు మళ్ళీ నిటారుగా రావని, ఆ సంగతి ముందే తెలుసుకోవడం మంచిదని చెప్పింది. ఆవిడ చేతిలో అమ్మ చెయ్యి చూడగానే మా నాన్న బోరింగు దగ్గర నిలబడడం నాకు గుర్తొచ్చింది. నాన్న ఒక్కసారి కూడా ఆ ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు. అమ్మ కూడా అడగలేదు.

ఆ మరుసటేడు నాన్నమ్మ నాన్నకు మళ్ళీ పెళ్ళి చేయాలని పట్టుపట్టింది. సంబంధం కూడా చూసింది. నాన్న అవుననలేదు, కాదనలేదు. ఆయన మౌనం చూసి నేను ఇక అమ్మ ఇంటికి రాదనుకున్నాను. అన్నం తింటున్న అత్తయ్య కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచింది. పిల్లనిచ్చేవాళ్ళ గుమ్మంలో నిలబడి అసలు సంగతి తానే చెబుతానంది. ఇన్నాళ్ళు దాచిన నోరే ఊరంతా చాటుతుందని, ఆ తర్వాత మనందరం కలిసి ఏ గోదాట్లో దూకాలో తేల్చుకోండని అంది. ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నేను ఓణీ వేసుకునే వయసు వచ్చాక అమ్మ ఇంటికి వచ్చింది. ఇక ఎవరికీ అంటదని ఆసుపత్రి వాళ్ళు చెప్పి పంపారు. కానీ ఆ వేళ్ళు చూశాక కొల్లేటికోట కథ ఎవరు నమ్ముతారు? మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు. పేరంటాలకు పిలవడం మానేశారు. మా ఇంటి మజ్జిగ పట్టుకెళ్ళేవాళ్ళు రావడం మానేశారు. నాకు వచ్చిన సంబంధాలు మంచీచెడూ చెప్పకుండానే ఆగిపోయాయి. పక్కింటి పెద్దమ్మగారు మాత్రం గోడ అవతలినుంచి మాట్లాడుతూనే ఉండేది. గోడ దాటి మాత్రం వచ్చేది కాదు. నాన్న పోయేదాకా అమ్మ చేత్తో ఇచ్చిన మంచినీళ్ళు పుచ్చుకోలేదు. గ్లాసు అరుగు మీద పెట్టి అమ్మ పక్కకు వెళ్ళాక, అది నేను ఇచ్చానన్నట్టు తాగేవాడు. అమ్మకు అది తెలుసు. నీళ్ళు పెట్టింది తానేనని నాన్నకు తెలుసని కూడా అమ్మకు తెలుసు.

అత్తయ్య నోరు ఏమీ మెత్తబడలేదు. అమ్మ ఆ వంకర వేళ్ళతో కలిపిన ముద్ద చెయ్యి చాచి పెట్టించుకునేది. తింటూనే ఉప్పు చాలలేదని సాధించేది. అమ్మ ఎప్పటిలాగే తిరిగి ఒక్క మాట అనేది కాదు. ఆ ఇంట్లో నాకు తెలిసిన ప్రేమ అదొక్కటే.

ఆలస్యంగానైనా నా పెళ్ళి కుదిరాక, కాపురానికి వెళ్ళే ముందు ఒకరోజు, ఆ బుగ్గలోకి ఎందుకు దిగావత్తయ్యా అని అడిగాను. అమ్మంటే అంత ఇష్టమా అని కూడా అడిగాను. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపలేదు.

"తెలీదే. నిలబడి ఆలోచించి ఉంటే దిగేదాన్ని కాదు," అంది. "ఒడ్డున ఉండిపోతే నాకు కలిసొచ్చేదేంటో అప్పుడు తోచేది. ఇల్లు నాదయ్యేదిగా."

నేనేదో గొప్పమాట వస్తుందని ఎదురుచూశాను. అది గొప్పమాటేనని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

అత్తయ్య అమ్మకంటే ముందే పోయింది. ఆఖరి స్నానం చేయించడానికి వీధిలో ఆడవాళ్ళు వచ్చారు. అమ్మ రెండు మణికట్ల మధ్య బిందె ఇరికించి ఎత్తుకుని వస్తుంటే వాళ్ళంతా వెనక్కి జరిగారు. బిందెలో నీళ్ళు తొణికి అమ్మ కాళ్ళ మీద పడుతున్నాయి. ఒక పక్క అత్తయ్య, ఇంకో పక్క గోడకు ఆనుకున్న వాళ్ళు, మధ్యలో అమ్మ ఒక్కతీ ఉంది. నేను వెళ్ళి బిందె అంచు పట్టుకున్నాను. ఇద్దరం కలిసి పోశాం. వాళ్ళలో ఒకామె, పక్కింటి పెద్దమ్మగారి కోడలు, కాసేపటికి వచ్చి తల తుడిచింది. మిగతావాళ్ళు రాలేదు.

ఇప్పుడు నేను తాడేపల్లిగూడెంలో ఉంటున్నాను. అమ్మ పోయి చాలా కాలమైంది. ఆ జబ్బుకు ఇప్పుడు మంచి మందులున్నాయి, తొందరగా నయమవుతుందంటారు, సంతోషమే. కానీ ఒక మనిషి చుట్టూ చోటు ఖాళీ అవడం ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను. కారణాలే మారాయి. బస్సులో నిండా జనం ఉన్నా ఒక సీటు ఖాళీగా ఉంటుంది. పెళ్ళి బంతిలో ఒక విస్తరి పక్క ఎవరూ కూర్చోరు. ఆసుపత్రి బల్ల మీద ఒకామె మొహం దించుకుని ఆ చివర ఒక్కతే ఉంటుంది. అలాంటి చోటు నా కంటికి ఇట్టే దొరికిపోతుంది.

నేను వెళ్ళి అక్కడ కూర్చుంటాను. దాన్ని మంచితనం అనుకోకండి. జాలిగా చూసేవాళ్ళ చూపు మా అమ్మ ఎంతకాలం మోసిందో ఎరుగుదును కాబట్టి జాలిపడేందుకు నాకు మనసొప్పదు. మా అత్తయ్య జాలిపడలేదు, కారణం అడగలేదు, ఓదార్చనూ లేదు. వెళ్ళి పక్కన నిలబడి నీళ్ళు తోడింది. ఆలోచన మొదలైతే కాళ్ళు కదలవని ఆవిడే చెప్పింది కాబట్టి, నేను ముందు నడిచేస్తాను. కూర్చున్నాక చెంగు సర్దుకుని, మామూలుగా మాట కలుపుతాను.

"ఏ ఊరండీ మీది?"